కలరా విషం – కణం తలుపు తట్టే తీరు



మనం తెలుగు మాట్లాడుతూనే నాలుగు భాషల ఇరుగుపొరుగు మధ్య బతుకుతున్నవాళ్ళం. ఒక్క జబ్బుకు మన చుట్టుపక్కల ఎన్ని పేర్లున్నాయో చూడండి. తమిళంలోనూ కన్నడంలోనూ మనలాగే వాంతిభేది అంటారు. ఒడియాలో హైజా, మరాఠీలో పట్కీ. తెలంగాణ పల్లెల్లో గత్తర. పేర్లు ఎన్నయినా జబ్బు ఒక్కటే, కలరా. ఒకప్పుడు ఊరి పొలిమేరలో అమ్మవారికి జాతర చేసి, ఈ జబ్బును ఊరు దాటించమని మొక్కుకునేవారు. పొద్దున పొలానికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి లేకుండా పోతే జనం భయపడరా మరి?

ఇంత త్వరగా మనిషిని తీసుకుపోయే ఈ జబ్బులో సూక్ష్మజీవి చేసే పని ఏమిటి? అది పేగును కొరికి తింటుందా? రక్తంలోకి పాకుతుందా? రెండూ కాదు. అది పేగు గోడను అంటిపెట్టుకుని కూర్చుని ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషమే అసలు నేరస్థుడు.

ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది. 1884లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ మన కలకత్తాలోనే కలరా సూక్ష్మజీవిని వేరుచేసి చూపించాడు. అది ఏదో విషాన్ని తయారుచేస్తూ ఉండాలని ఆయన ఊహించాడు. ఆ ఊహను రుజువు చేసిన మనిషి కూడా కలకత్తావారే, డాక్టర్ శంభునాథ్ డే. ఆయన కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, అందులోకి కలరా సూక్ష్మజీవులు పెరిగిన ద్రవాన్ని ఎక్కించారు. అయితే అంతకు ముందే దాన్ని వడగట్టి, సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేకుండా తీసేశారు. అయినా ఆ పేగు ముక్క నీటితో ఉబ్బిపోయింది! సూక్ష్మజీవి లేకపోయినా జబ్బు లక్షణం వచ్చిందంటే, ద్రవంలో విషం ఉన్నట్టే కదా. 1959లో నేచర్ పత్రికలో ఈ ఫలితం వెలువడింది.

ఇప్పుడు ఆ విషం కణంలోకి ఎలా దూరుతుందో చూద్దాం. ఈ విషం ఒక ప్రోటీను. అందులో ఆరు ముక్కలుంటాయి. ఐదు ముక్కలు ఉంగరంలాగా గుండ్రంగా కూర్చుంటాయి. వాటిని బి ముక్కలంటారు. వాటి మీద ఒక్క ఏ ముక్క ఉంటుంది. బి ముక్కలకు విషం లేదు. వాటి పని తలుపు పట్టుకోవడమే. పేగు కణాల పైపొర మీద జి.ఎం.1 అనే కొవ్వు, చక్కెరల కలయిక ఉంటుంది. అది కణం తన అవసరం కోసం పెట్టుకున్నది. విషం దాన్నే పట్టుకు వేలాడుతుంది. తనకు కావలసిందేదో వచ్చిందనుకుని కణమే ఆ విషాన్ని లోపలికి లాక్కుంటుంది.

లోపలికి వెళ్ళాక విషం మరో ఎత్తు వేస్తుంది. కణంలో ప్రోటీన్లను మడతపెట్టి సిద్ధం చేసే వంటిల్లు వంటి చోటు ఒకటుంది. అక్కడ సరిగా మడతపడని ప్రోటీన్లను కణం చెత్తగా ఎంచి బయటికి తోసేస్తుంది. విషం అక్కడి దాకా ప్రయాణం చేస్తుంది. అక్కడ ఏ ముక్కలోని ఒక భాగం విడిపోయి, పాడైన ప్రోటీనులాగా నటిస్తుంది. కణం దాన్ని తోసేస్తుంది. విషానికి కావలసింది కూడా అదే, ఎందుకంటే తోసేసిన చోటు కణం నడిబొడ్డు.

అక్కడ జి ప్రోటీను అనే ఒక మీట ఉంది. రైల్వే స్టేషన్లలో నొక్కుడు కుళాయిలు చూసే ఉంటారు. నొక్కితే నీళ్ళు వస్తాయి, వదిలితే దానంతట అదే మూసుకుంటుంది. జి ప్రోటీను కూడా అంతే. పని ఉన్నంతసేపు తెరుచుకుని, తర్వాత తనంతట తానే కట్టుకుంటుంది. విషం చేసేదేమిటంటే, కణంలోనే దొరికే ఒక రసాయనపు ముక్కను తెచ్చి ఆ మీటకు అతికిస్తుంది. కుళాయి మీటకు పుల్ల దోపినట్టన్నమాట. ఇక అది మూతపడదు.

మీట తెరిచి ఉన్నంతసేపు కణంలో సైక్లిక్ ఏ.ఎం.పి. అనే పదార్థం తయారవుతూనే ఉంటుంది. ఇది పుట్టేది ఏ.టి.పి. నుంచి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1929లో కండరాల నుంచి వేరుచేసిన ఏ.టి.పి. ఇదే. సైక్లిక్ ఏ.ఎం.పి. పెరిగితే కణంలో క్లోరైడు బయటికి పోయే దారులు తెరుచుకుంటాయి. ఉప్పు లోపలికి వచ్చే మామూలు దారి మూతపడుతుంది. ఉప్పు ఎటు పోతే నీరు అటే పోతుంది. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్ళకు గంటకు ఒక లీటరు దాకా నీరు పోవచ్చు. గంజినీళ్ళ వంటి ఆ విరేచనాలు మన రక్తంలోని నీరూ ఉప్పులే.

అన్ని విషాలూ ఒకే పని చేయవు. కంఠసర్పి విషం కణంలో ప్రోటీన్ల తయారీని ఆపి, కణాన్ని చంపేస్తుంది. ధనుర్వాతం విషం నరాల సందేశాలను తెంచి, కండరాలను బిగదీస్తుంది. కలరా విషం మాత్రం పేగు కణాన్ని చంపదు. దాని చేతనే మనిషి ప్రాణం తోడిస్తుంది.

మరి విరుగుడు ఏమిటి? యాంటీబయాటిక్ మందులు సూక్ష్మజీవుల్ని చంపి జబ్బు రోజులు తగ్గిస్తాయి. కానీ అప్పటికే మీటలో దోపిన పుల్లను అవి తీయలేవు. అయితే పేగు కణాలు కొద్ది రోజుల్లోనే రాలిపోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. ఆ కొద్ది రోజులూ మనిషిని బతికించుకుంటే చాలు.

ఇక్కడే మన అదృష్టం ఒకటుంది. పేగు కణానికి ఇంకొక తలుపు ఉంది. చక్కెర, ఉప్పు చేయి చేయి పట్టుకుని వస్తేనే తెరుచుకునే తలుపది. కలరా విషం దాన్ని ముట్టుకోలేదు. ఆ రెండూ లోపలికి వస్తుంటే వాటి వెంట నీరు కూడా వస్తుంది. ఒట్టి నీళ్ళు తాగితే చాలకపోవడానికి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు ప్రాణం నిలపడానికి కారణం ఇదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ, సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతంలోపుకు దిగాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇంత తెలిసినా మన ఇళ్ళలో ఒక మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. “విరేచనాలవుతుంటే నీళ్ళు పట్టకండి, ఇంకా పెరుగుతాయి” అని. పెద్దలు ప్రేమతోనే అంటారు. కానీ కుళాయి తెరిచింది విషం. మనం తాగించే నీళ్ళు కాదు. నీళ్ళు ఆపితే కుళాయి ఆగదు, తొట్టి ఎండిపోతుంది.

అందుచేత ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద రాసినన్ని కొలిచిన శుభ్రమైన నీళ్ళలో పొట్లమంతా కలపండి. పెద్ద పొట్లానికైతే ఒక లీటరు. పొట్లం లేకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమమైన చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయండి. టీ చెంచాతోనే కొలవండి. ఉప్పూ చక్కెరా ఇంతకు మించనివ్వకండి. కలిపినదాన్ని ఒక్క రోజులోపే వాడేయండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా పట్టండి. తల్లిపాలు మాన్పించవద్దు. కళ్ళు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, గిల్లిన చర్మం మెల్లగా సర్దుకుంటున్నా, మనిషి మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి చేర్చండి. దారి పొడవునా తాగే ఓపిక ఉన్నంతవరకు తాగిస్తూనే ఉండండి.

తమిళంలో అడిగినా, ఒడియాలో అడిగినా, కన్నడంలో అడిగినా, మరాఠీలో అడిగినా, మీ పొరుగింటివారికి కూడా ఈ కొలత చెప్పండి. కొలత ఏ భాషలోనైనా ఒక్కటే.