కుట్టు, కుండ నేర్చుకునేవారికి సూరత్ గుడ్డ, నల్లమట్టి పెట్టే పరీక్ష

అమ్రోలి (సూరత్): తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలిలో గుడ్డకు కరవు లేదు. చీరలకు లేసు కుట్టడం, దారాలు కత్తిరించడం, రాళ్లు అంటించడం సూరత్‌లో ఎందరో స్త్రీలు ఇంటివద్దనే ముక్క లెక్కన చేసే కూలిపని. అటువంటి చోట సరదాకు సూది పడతామంటే కొందరికి వింతగానే తోస్తుంది. అభిరుచితో కుట్టుపనిలోనో, మట్టిపనిలోనో చేయి పెట్టి కొద్దిరోజులకే మానుకున్నవారు సాధారణంగా చెప్పే కారణం తమకు చేయి తిరగలేదని. అయితే చేతికంటె ముందు సరుకును అనుమానించవలసి ఉంటుంది. ఇక్కడ సులువుగా దొరికే గుడ్డ, కాలికింది మట్టి రెండూ కొత్తవారికి అనువైనవి కావు.

సూరత్ ప్రధానంగా కృత్రిమ దారపు నగరం. ఇక్కడి జార్జెట్, షిఫాన్, శాటిన్, క్రేప్ గుడ్డల్లో అధికభాగం పాలియెస్టర్. కట్‌పీసులు చవకగా లభిస్తాయి గనుక నేర్చుకునేవారు వాటితోనే మొదలుపెడతారు. కాని ఈ గుడ్డ కత్తెర కింద జారిపోతుంది. అంచుల నుంచి పోగులు ఊడివస్తాయి. ఇస్త్రీతో మడత సరిగా నిలవదు, పెట్టె ఎక్కువ వేడెక్కితే గుడ్డ కరుగుతుంది. మడత నిలవని గుడ్డ మీద తిన్నని కుట్టు వేయడం అనుభవమున్న దర్జీకి కూడా కొంత శ్రమే. మధ్యరకం మందం గల నేత నూలుగుడ్డ, మిషనుకు 14వ నంబరు సూది తొలి పాఠానికి తగినవి. గుడ్డ ఏదో తెలియనప్పుడు ఒక పోగు తీసి, పళ్లెంలో ఉంచి, జాగ్రత్తగా వెలిగించి చూడవచ్చు. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

రెండవ మెలకువ పోగు దిశ. నేత గుడ్డ పడుగు వెంట దాదాపు సాగదు, పేక వెంట కొద్దిగా సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. దీనిని గమనించకుండా కత్తిరించిన లంగా కొన్నాళ్లకు ఒక పక్కకు వేలాడుతుంది. తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతున్నది. నూలుగుడ్డను కత్తిరించేముందు ఒకసారి తడిపి ఆరబెట్టాలి. లేకుంటే కొలత ప్రకారం కుట్టిన జాకెట్టు మొదటి ఉతుకులోనే బిగుతవుతుంది.

మట్టి విషయం ఇంకొంత కఠినమైనది. దక్షిణ గుజరాత్‌లో విస్తారంగా ఉన్న నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలువారుతుంది. వేసవిలో రేగడి చేలను చూసినవారికి ఆ బీటలు పరిచితమే. పొలంలో జరిగేదే కుండలోనూ జరుగుతుంది. అందుకే కుమ్మరులు చెరువు అడుగున చేరిన ఒండ్రును ఎంచుకుని, ఇసుకనో బూడిదనో కలిపి, నానబెట్టి తొక్కుతారు. మట్టి పనికివస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పలక చేసి, దానిమీద 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడలో ఆరబెట్టి తిరిగి కొలవాలి. గీత 9 సెంటీమీటర్లకు తగ్గితే కుదింపు 10 శాతం. అంతకు మించితే ఇసుక పాలు పెంచి మరల చూడాలి. పలక పగిలితే గీత కొలవవలసిన పని కూడా ఉండదు.

సారె లేదని వెనుదీయనక్కరలేదు. ముద్దను బొటనవేలితో గుంటచేసి నొక్కుతూ గిన్నె చేయడం, తాళ్లలా చేసిన మట్టిని చుట్టలు పేర్చి కుండ కట్టడం సారెకంటె పాత పద్ధతులు. కాల్చడమే ఇంట్లో సాధ్యం కాని పని. మట్టిలో కలిసి ఉన్న నీరు పూర్తిగా పోయి గట్టిపడటానికి 600 డిగ్రీల సెల్సియస్ దాటాలి, మామూలు ఎర్రకుండలు 900 డిగ్రీల పరిసరాల్లో కాలుతాయి. వంటపొయ్యితో ఇది సాధించరాదు. తడి ఆరని పాత్రను కాలిస్తే లోపలి ఆవిరి దానిని పగలగొడుతుంది. ఆవం ఉన్న కుమ్మరితోనో, శిక్షణశాలతోనో మాట్లాడుకోవడమే మార్గం. కాల్చకుండా ఎండబెట్టి రంగువేసిన గిన్నె అలంకారానికే తప్ప నీటికి పనికిరాదు.

గుడ్డకు, మట్టికి ఉన్న భేదం కూడా ఇక్కడే. తప్పు పడిన కుట్టు విప్పవచ్చు. పచ్చిమట్టిని నీటిలో వేసి తిరిగి ముద్ద చేయవచ్చు. కాలిన తరువాత దిద్దుబాటు లేదు.

ఈ నైపుణ్యం అభిరుచి దాటి జీవనోపాధి అయినవారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం వర్తిస్తుంది. అందులోని 18 వృత్తులలో కుమ్మరం, దర్జీపని రెండూ ఉన్నాయి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం లభిస్తాయి. 18 ఏళ్లు నిండి, స్వయం ఉపాధిగా ఆ వృత్తి చేస్తున్నవారే అర్హులు. కుటుంబానికి ఒక్కరికే అవకాశం. కేవలం తీరిక వేళల్లో నేర్చుకునేవారు దీని పరిధిలోకి రారు.