గజ్జికి మందు... ఇంటిల్లిపాదికీ!

పగలంతా బాగానే ఆడుకున్న పిల్లాడు పక్కమీదికి చేరగానే గోక్కోవడం మొదలుపెడతాడు. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ చిన్నచిన్న పొక్కులు. 'వేడి చేసిందిలే' అంటూ అమ్మమ్మ కొబ్బరినూనె రాస్తుంది. కొన్నాళ్లకు చెల్లికీ అమ్మకూ అదే దురద. అది వేడి కాదు, గజ్జి అని అప్పుడు తెలుస్తుంది.

కంటికి సరిగా ఆనని ఓ పురుగే దీనికి కారణం. ఇటలీకి చెందిన బొనోమో, సెస్టోనీ 1687లోనే సూక్ష్మదర్శినితో చూసి ఆ సంగతి చెప్పారు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినప్పుడు దురద రావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే, ఒకరు గోక్కోవడం మొదలెట్టేసరికే మిగతావాళ్లకూ అంటుకుని ఉండొచ్చు.

పాతమందే కానీ...

గజ్జికి గంధకం పాతకాలం మందు. 5 నుంచి 10 శాతం గంధకం కలిపిన మలామును మెడ నుంచి అరికాళ్లదాకా వరసగా మూడు రాత్రులు రాస్తారు. వాసన, బట్టలకు మరకలు తప్పవు. అందుకే ఇప్పుడు వైద్యులు ఎక్కువగా 5 శాతం పర్మెత్రిన్ క్రీమ్ ఇస్తున్నారు. రాత్రి రాసుకుని 8 నుంచి 14 గంటల తర్వాత స్నానం చేయాలి, వారానికి మరోసారి రాయాలి. అయితే రెండు నెలలు నిండని పసికందులకు గంధకం ఇప్పటికీ అక్కరకొస్తోంది. 'సల్ఫా మందులు పడవు' అనేవాళ్లు కంగారుపడక్కర్లేదు. సల్ఫా వేరు, గంధకం వేరు. ఆ మాట వైద్యుడి చెవిన వేస్తే చాలు.

చీము పట్టిందా?

గోకిన చోట బ్యాక్టీరియా చేరితే పుండ్లు పడతాయి. యాంటీబ్యాక్టీరియల్ ఆయింట్‌మెంట్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది తప్ప పురుగును కాదు. కాబట్టి రెండింటికీ మందు వాడాలి. ఈ పుండ్లను తేలిగ్గా తీసుకోకూడదు. స్ట్రెప్టోకాకస్ చేరితే ఒక్కోసారి మూత్రపిండాలూ దెబ్బతింటాయి. పిల్లల ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సొంతంగా కొనే స్టెరాయిడ్ క్రీములతో దురద తగ్గినట్టే ఉంటుంది, పురుగు మాత్రం లోపల క్షేమంగా ఉంటుంది.

ఒకే రాత్రి... అందరూ

దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. దుప్పట్లూ బట్టలూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. పురుగు చచ్చినా దురద మరో రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. తగ్గలేదని అదేపనిగా మందు పూయకూడదు.

అన్నట్టు, శుభ్రంగా ఉండేవాళ్లకు గజ్జి రాదనుకోవడం పొరపాటు. నామోషీ అనుకుని దాచిపెడితే ఒంటి నుంచి ఒంటికి, ఇంటి నుంచి ఇంటికి పాకుతూనే ఉంటుంది!