అశ్వశక్తియు కిలోవాటును: బావి మోటారు లెక్క

ఇటీవల మా సంఘసభలో మోటారు కొనుటనుగూర్చి రెండు ధరల పత్రములు చర్చకు వచ్చెను. ఒకదానిలో 5 అశ్వశక్తులనియు, రెండవదానిలో 3.7 కిలోవాట్లనియు వ్రాయబడియుండెను. మొదటిదాని వెల హెచ్చు. అయినను, అయిదు పెద్దదిగాని మూడు పెద్దదా యని పలువురు సభ్యులు దానికే మొగ్గిరి. తుదకు లెక్క చూడగా రెండింటి బలమును ఒక్కటే యని తేలినది. కొలతపేరు వేరగుటచేతనే సంఘపు సొమ్ము వ్యర్థము కానుండెను. ఇట్టి పొరపాటు మరియొకచోట జరుగకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అశ్వశక్తి యనునది పని జరుగు వేగమునకు కొలత. 1 అశ్వశక్తి 746 వాట్లు. 1,000 వాట్లు 1 కిలోవాటు. 5ను 746చే గుణించిన 3,730 వాట్లు, అనగా 3.73 కిలోవాట్లు వచ్చును.

వేగము వేరు, జరిగిన పని వేరు. అరక గంటకు ఎన్ని సాళ్లు తోలుననునది వేగము. సాయంకాలమునకు దున్నిన చేను పని. అట్లే కిలోవాట్లను గంటలచే గుణించిన జరిగిన పని తెలియును. ఒక కిలోవాటు ఒక గంట నడచిన, మీటరుపై మనము చదువు 1 యూనిట్టు. శాస్త్రజ్ఞులు పనిని జౌలులలో లెక్కింతురు. 1840 తరువాతి సంవత్సరములలో నీటిని చిలికి, పనికిని వేడికినిగల సంబంధమును కొలిచిన జేమ్సు జౌల్ అను ఆంగ్లేయుని పేర నీ కొలత వెలసినది. 1 యూనిట్టునకు 36 లక్షల జౌలులు. వేడిగా చెప్పవలసిన, సుమారు 860 కిలోకాలరీలు.

దీనివలన రైతునకేమి లాభమని యడుగవచ్చును. ఒక లీటరు నీటిని ఒక మీటరు ఎత్తుటకు 9.8 జౌలులును, 10 మీటర్లు ఎత్తుటకు 98 జౌలులును కావలెను. 36 లక్షలను 98చే భాగింపుడు. ఏమియు నష్టము లేకున్నచో 1 యూనిట్టు సుమారు 36,700 లీటర్లను 10 మీటర్లు ఎత్తవలెను. మోటారులోను, పంపులోను, గొట్టములలోను కొంత పోవుట సహజము. సగము దక్కిన మేలే.

మీ బావివద్ద పరీక్షింపుడు. నీరు 10 మీటర్లు ఎక్కుచున్నదనుకొందము. 200 లీటర్ల డ్రమ్ము 10 సెకండ్లలో నిండిన, గంటకు 72,000 లీటర్లు. ఆ గంటలో మీటరు 4 యూనిట్లు తిరిగిన, యూనిట్టునకు 18,000 లీటర్లు. పంపు బాగుగనే యున్నది. డ్రమ్ము నిండుటకు 20 సెకండ్లు పట్టిన, పావువంతు మాత్రమే దక్కినట్లు. అప్పుడు ఫుట్ వాల్వు కారుచున్నదా, గొట్టము ఇరుకా, పంపు అరిగినదా యని వెంటనే చూచుకొనవలెను.

కరెంటు ఉచితముగా దొరకువారు సైతము దీనిని ఉపేక్షింపరాదు. పాడైన పంపు మీ సొమ్మును తినకున్నను, సరఫరా గంటలను తినును. ఆ గంటలలోనే గదా మీ మడి తడియవలసినది!