పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చుట్టుపక్కల

వెస్టిండీస్ అనగానే మన ఇళ్ళలో ముందు క్రికెట్టే గుర్తుకొస్తుంది. అయితే ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌తో మనకు మరో చుట్టరికం ఉంది. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' ఓడ మన దేశపు తొలి ఒప్పంద కూలీలను అక్కడికి చేర్చింది. 1917 దాకా దాదాపు 1,44,000 మంది వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవున ఎక్కిన ఉత్తరాది వారు. మదరాసు రేవున ఎక్కిన వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు.

అమెరికా, కెనడాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళే దంపతులకు న్యూయార్క్, టొరంటోల నుంచి నేరుగా విమానాలున్నాయి. జనవరి నుంచి మే వరకు వానలు తక్కువ. బస నగరంలోనే పెట్టుకుని, రోజుకొక దిక్కు చొప్పున తిరగడం మేలు.

మొదటి పూట నెల్సన్ దీవికి కేటాయించండి. ఓడ దిగిన కూలీలను వైద్య పరీక్షకు నిలిపిన చోటది. అక్కడి నేషనల్ ట్రస్టు వారి పడవకు ముందుగా చెప్పుకోవాలి.

మర్నాడు దక్షిణానికి. ఉదయం వీధిలో 'డబుల్స్' తినండి. రెండు మెత్తని బూరెల మధ్య శనగల కూర, శాకాహారులకు దిగులు లేదు. కారపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు మైసూరు గణపతి సచ్చిదానంద స్వామివారి సంస్థ నిలిపినది. ఆ దగ్గరే వాటర్లూలో సముద్రంలో కట్టిన గుడి ఉంది. శివదాస్ సాధు అనే చెరకు కూలీ తీరాన గుడి కట్టుకుంటే, స్థలం చక్కెర కంపెనీదని కూలగొట్టి ఆయనను జైల్లో పెట్టారు. సముద్రం ఎవరి సొత్తూ కాదు గదా అని, సైకిలు మీద రాళ్ళు మోసి నీళ్ళలో పోసి, ఏళ్ళ తరబడి శ్రమించి మళ్ళీ కట్టాడు. ఇప్పుడున్నది 1995లో పునర్నిర్మించినది. పూలు, ప్రసాదం తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ సంచి మాత్రం వెంట తెచ్చుకోండి.

తిరుగుదారిలో సాయంత్రం నాలుగింటికల్లా కరోనీ చిత్తడి నేల దగ్గర పడవ ఎక్కాలి. పొద్దుగూకే వేళ ఎర్రని ఐబిస్ కొంగలు గూటికి చేరుతుంటే మడచెట్లు మంకెన పూలు పూసినట్లుంటాయి. అది ఆ దేశపు జాతీయ పక్షి. అయినా మాంసం కోసం వేటాడేవారు; అందుకే 2018లో రక్షణ చట్టం గట్టి చేశారు. పడవవాడు దూరంగా ఆపితే, ఇంకాస్త దగ్గరకు పోనిమ్మని అడగవద్దు. చప్పట్లూ వద్దు.

బ్యాంకువాణ్ణి గనుక ఒక మాట. పద్దులో ముందుగా గైడు, పడవవాళ్ళ సొమ్ము రాసుకోండి. విమానానికి వేలు పోసి, ఇక్కడ పదీ పరకకు బేరమాడటం నాకు నచ్చదు. లా బ్రేలోని తారు సరస్సు మీద నడిచేటప్పుడైతే గైడు లేనిదే కాలు పెట్టకూడదు. పైకి గట్టిగా కనిపించే తారు కొన్నిచోట్ల మెత్తగా దిగబడుతుంది. దానికొక రోజు పూర్తిగా పడుతుంది.

తాబేళ్ళను చూడాలంటే ఉత్తర తీరాన గ్రాండ్ రివియేర్‌లో రాత్రి బస తప్పదు. మార్చి నుంచి ఆగస్టు వరకు అనుమతి పత్రం, గైడు ఉండాలి. టార్చి వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి మళ్ళిపోవచ్చు. కెమెరా ఫ్లాష్ కూడా అంతే. పిల్లలకు ఈ సంగతి బయలుదేరే ముందే చెప్పి ఉంచండి.