గ్రామపు లెక్క, తాలూకా లెక్క: తిరుత్తణి సీమ సంఖ్యలును క్లౌడ్ విశ్లేషణ నమూనాలును

తిరుత్తణి తాలూకా చరిత్ర యెఱిగినవారికి సంఖ్యల బలమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు ఉత్తర ఆర్కాటు నుండి వచ్చి అందు చేరిన యీ తాలూకా 1953లో ఆంధ్రరాష్ట్రమున నిలిచినది. పిమ్మట సరిహద్దు తగవు తీర్చుటకు హరి వినాయక్ పాటస్కరు నియమితులైరి. గ్రామమును ప్రమాణముగ గొని, అందలి భాషా బాహుళ్యమును, భూభాగముల యవిచ్ఛిన్నతను చూచి వారు నిర్ణయము చేసిరి. తదనుగుణముగ 1959లో శాసనము పుట్టినది. 1960 ఏప్రిల్ 1వ తేదీ నుండి తిరుత్తణి తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకును సంక్రమించినవి. తాలూకా మొత్తమును ప్రమాణముగ గొనియుండిన ఫలితమెట్లుండెడిదో విచారించుట యీ వ్యాసమున నా పని కాదు. ఏ ప్రమాణముతో లెక్కించితిమనునదే తీర్పులో సగమని మాత్రము దానివలన తెలియుచున్నది.

ఆ ప్రశ్న నేటికిని తీరలేదు. ఒక జిల్లాలో గాని తాలూకాలో గాని నూటికి 15 మంది మాటలాడు భాషలోనికి ముఖ్యమైన నియమములను, ప్రకటనలను అనువదింపవలెనని అల్పసంఖ్యాక భాషలవారికి అఖిలభారత స్థాయిని అంగీకృతమైన రక్షణలలో నొకటి. తరగతికి 10 మంది గాని పాఠశాలకు 40 మంది గాని విద్యార్థులున్నచో ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పింపవలెనని 1949 నాటి విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. రాజ్యాంగము 350-ఎ అధికరణము 1956లో దీనికి బలము చేకూర్చినది. తెలుగు ఉపాధ్యాయుని కొఱకు అర్జీ పెట్టుకొను మనవారు ఈ సంఖ్యలను చూపవలసినదే. చూపునపుడు ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్య చెప్పినచో అర్జీ అక్కడనే నీరుగారిపోవును.

చిక్కు ఎక్కడ కలదో మాటవరుసకు ఒక లెక్కతో చూపెదను. ఒక తాలూకాలో రెండు గ్రామములు గలవనుకొందము. మొదటిదాన 1,000 మంది. తెలుగువారు నూటికి 80. రెండవదాన 9,000 మంది. తెలుగువారు నూటికి 10. రెండు శాతములను కూడి సగము చేసిన 45 వచ్చును. ఇది తప్పు. తలలు లెక్కించినచో 800, 900 కలిసి 1,700; అనగా 10,000 మందిలో నూటికి 17. అదే జిల్లాలో 90,000 జనముగల పట్టణమొకటి యుండి, అందు తెలుగువారు నూటికి 5 అయినచో, జిల్లా మొత్తము మీద నూటికి 6.2 మాత్రమే. తాలూకా లెక్కలో 15 దాటినవారు జిల్లా లెక్కలో దాటకపోయిరి. 2011 జనగణనలో 37,28,104 జనసంఖ్య గలిగి, అంబత్తూరు, ఆవడి వంటి పట్టణములను కూడ ఇముడ్చుకొనిన తిరువళ్లూరు జిల్లాకు ఈ భేదము చిన్నది కాదు.

విశ్లేషణ నమూనా యనునది ఈ లెక్కను ఒక్కచోట, ఒక్కమాఱు సరిగా వ్రాసి యుంచుటకు పుట్టినది. అందు రెండు విధములైన పట్టికలుండును. జనసంఖ్య, విద్యార్థుల సంఖ్య మొదలగు పరిమాణములు ఒకదాన. గ్రామము, భాష, సంవత్సరము, పాఠశాల అను పార్శ్వములు తక్కినవానియందు. ఏ గ్రామము ఏ తాలూకాది, ఏ తాలూకా ఏ జిల్లాది యను వరుసయు అందే యుండును. శాతమును పట్టికలో నిలువచేయరాదు. తలలను నిలువచేసి, అడిగినపుడు భాగించుటకు సూత్రము మాత్రము వ్రాయవలెను. పూర్వము కరణము అడంగలును గ్రామమున వ్రాసి, జమాబందినాడు తాలూకాలో సరిచూపించెడివాడు గదా! క్రింది లెక్క చెడక మీది లెక్క తేలుట అతనికి తెలిసిన విద్యయే. తమిళనాట ఆ యుద్యోగము 1980లో రద్దయినది.

ఈ నమూనాను సంఘ కార్యాలయపు కంప్యూటరులో గాక, అద్దెకు దొరకు దూరపు యంత్రములలో నుంచుటయే క్లౌడ్ పద్ధతి. మైక్రోసాఫ్టు వారు 2015లో పూణే, ముంబయి, చెన్నైలలో ఇట్టి కేంద్రములు తెఱచిరి. అజూర్ అనాలిసిస్ సర్వీసెస్ అను సేవను 2017లో పూర్తిగా వాడుకకు విడిచిరి. నేడు పవర్ బీఐ లోనే నమూనాను నిలుపవచ్చును. పేరు ఏదైనను పని యొక్కటే. తిరుత్తణిలో ఎక్సెల్ తెఱచి కూర్చున్నవాడు సర్వరు పేరు నిచ్చి, తన ఖాతాతో ప్రవేశించి, పివట్ పట్టికలో తాలూకాను అడ్డముగను, భాషను నిలువుగను పెట్టును. ఎక్సెల్ ఆ కోరికను ఎమ్‌డీఎక్స్ అను ప్రశ్నాభాషలోనికి మార్చి పంపును. పవర్ బీఐ అదే కోరికను డాక్స్ అను భాషలో పంపును. ఉపకరణములు వేఱైనను సూత్రము నమూనాలోనిదే గనుక ఇరువురకును అదే సంఖ్య వచ్చును. ఇదియే ఈ ముడిపెట్టుటలోని ప్రయోజనము.

ముడి రెండు తీరులు. నమూనాలోని వరుసలను నివేదిక లోనికి నకలు చేసికొనుట యొకటి. నకలు లేక ప్రతి ప్రశ్నను నమూనాకే పంపుట మఱియొకటి. నకలు త్వరగా పలుకును. కాని మరల తాజా చేయనంతవఱకు అది నిన్నటి మాటనే చెప్పుచుండును. నేనెఱిగిన యొక సంఘమున ఒకే కుటుంబాల జాబితా ముగ్గురి కంప్యూటరులలో మూడు మొత్తములు చూపినది. మువ్వురును తమదే సరియని వాదించిరి. అట్టిచోట ప్రత్యక్షపు ముడియే మేలని నా యభిప్రాయము. ఇంటర్నెట్టు నిలిచిపోయినచో నివేదికయు నిలుచును, నిజమే. మూడు సత్యములకంటె ఒక గంట మౌనము నయము.

మూలపు జాబితా కార్యాలయపు కంప్యూటరులోనే యున్నచో గేట్‌వే అను చిన్న ప్రోగ్రామును అచట నిలుపవలెను. అది తానే బయటికి, క్లౌడ్ వైపునకు ముడివేసికొనును. బయటివారు లోనికి వచ్చుటకు ద్వారము తెఱువనక్కఱలేదు. ఆ కంప్యూటరును రాత్రి ఆపివేసి, తెల్లవాఱి లెక్క మాఱలేదని వగచుట మాత్రము కూడదు.

ఈ సీమకు విశేషించి వర్తించు చిక్కు ఇంకొకటి. తిరుత్తణి 1911కు ముందు ఉత్తర ఆర్కాటు, 1960 వఱకు చిత్తూరు, ఆపై చెంగల్పట్టు, 1997 నుండి తిరువళ్లూరు జిల్లాలకు చెందినది. 2018లో అంబత్తూరు, మాధవరము, తిరువొత్తియూరు తాలూకాలు తిరువళ్లూరు నుండి చెన్నై జిల్లాకు పోయినవి. కావున 2011 జిల్లా సంఖ్యను నేటి జిల్లా సంఖ్యతో పోల్చుట రెండు వేఱు జిల్లాలను పోల్చుటయే యగును. దీనికి విరుగుడు గ్రామపు పట్టికలో ప్రతి గ్రామమునకును ఒక్క వరుస గాక, జిల్లా మాఱినపుడెల్ల క్రొత్త వరుస చేర్చి, ‘ఇది మొదలు, ఇది వఱకు’ అని తేదీలు వ్రాయుట. అపుడు 1951 నాటి తిరుత్తణి చిత్తూరులోను, 2011 నాటి తిరుత్తణి తిరువళ్లూరులోను కనబడును. నేటి ఎల్లలతో పాత లెక్కను చూడవలెనన్నను వీలగును. ఈ పని యెవరును మనకు చేసి పెట్టరు. పాత పటములు చూచి మనవారే వ్రాసికొనవలెను.

జనగణన శాఖవారి సి-16 పట్టికలో మాతృభాషల సంఖ్యలు తాలూకా వఱకు దొరకును. సంఘము తానుగా సేకరించిన కుటుంబాల వివరములు వేఱు జాతివి. వానిలో పేర్లు, బిడ్డల బడులు, ఫోను నంబరులు ఉండును. వీనిని ఒకే నమూనాలో చేర్చినపుడు పాత్రలను నిర్ణయించి, పళ్లిపట్టు కార్యకర్తకు పళ్లిపట్టు వరుసలే కనబడునట్లు కట్టడి చేయవచ్చును. నివేదికలో దాచుట చాలదు, నమూనాలోనే దాచవలెను. ఏలయన ఎక్సెల్‌తో వచ్చినవానికి ఆ నివేదికతో పనియే లేదు. పేర్లు, ఫోను నంబరులు అసలే చేర్చకుండుట ఇంకను క్షేమము, లెక్కకు అవి యక్కఱలేదు.

తుదిగా ఒక చిన్న జాగ్రత్త: నమూనాను ఏ యువకుని సొంత ఖాతాపైనను నెలకొల్పక, సంఘము పేరిట ఖాతా తెఱచి, కనీసము ఇద్దఱకు పెత్తనమీయవలెను. ఉద్యోగమునకై అతడు హోసూరో, అమెరికాయో వెడలినపుడు తాళపుచెవి తిరుత్తణిలోనే యుండును.