కొల్లేరు తీరానికి గాలి వరద ముప్పు
నీటిమట్టంతో పాటు గాలి దిశనూ గమనించడం అవసరం

సరస్సుకు వరద అనగానే వాగులు, ఏరులు మోసుకువచ్చే నీరే స్ఫురిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు కొల్లేరు లంక గ్రామాలను చుట్టుముట్టినది అటువంటి వరదే. అయితే ఎగువ నుండి అదనంగా నీరు రాకపోయినప్పటికీ, బలమైన గాలి సరస్సులోని నీటినే ఒక ఒడ్డుకు నెట్టి ముంపు కలిగించగలదు. తుపానుల కాలంలో ఈ రెండు వరదలూ ఒకేసారి సంభవించే అవకాశం ఉన్నందున తీర గ్రామాల రక్షణలో గాలి ప్రభావాన్ని ప్రత్యేకంగా పరిగణించవలసి ఉంటుంది.

నీరు ఒడ్డుకు చేరే తీరు

గాలి వేగం రెట్టింపైతే నీటిని నెట్టే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. గాలి వీచే నీటి నిడివి పెరిగిన కొద్దీ, లోతు తగ్గిన కొద్దీ ఎదుటి ఒడ్డున నీరు మరింత ఎత్తుకు చేరుతుంది. ఉదాహరణకు 2 మీటర్ల లోతు, 10 కిలోమీటర్ల నిడివి గల నీటిపై గంటకు 72 కిలోమీటర్ల గాలి నిలకడగా వీస్తే, రెండు ఒడ్ల నీటిమట్టాల మధ్య సుమారు 40 సెంటీమీటర్ల తేడా ఏర్పడుతుంది. అలల ఎత్తు దీనికి అదనం. కొల్లేరులోని గట్లు, జమ్ము, గుర్రపుడెక్క ఈ ప్రభావాన్ని కొంతవరకు తగ్గిస్తాయి. అయినప్పటికీ, లోతు తక్కువగా ఉండడం కొల్లేరుకు ప్రతికూలాంశమే.

గాలి తగ్గగానే, ఒకవైపు పోగుపడిన నీరు వెనుకకు మళ్లి ఎదుటి ఒడ్డును తాకుతుంది. తుపాను తీరం దాటే చోటును బట్టి కూడా ముప్పు మారుతుంది. కొల్లేరుకు దక్షిణంగా తీరం దాటితే గాలి ఈశాన్యం నుండి తూర్పుకు, ఆపై ఆగ్నేయానికి తిరిగి, పడమటి ఒడ్లవైపు నీటిని నెడుతుంది. ఉత్తరంగా దాటితే వాయవ్య, పడమటి గాలుల వలన తూర్పు, ఆగ్నేయపు ఒడ్లకు ప్రమాదం ఎక్కువ. అదే సమయంలో సముద్రం పోటెత్తితే, కొల్లేరు నీటిని బంగాళాఖాతానికి చేర్చే ఉప్పుటేరులో ప్రవాహం మందగిస్తుంది. గాలికి కొట్టుకువచ్చిన గుర్రపుడెక్క వంతెనల వద్ద పేరుకుంటే అవరోధం మరింత పెరుగుతుంది.

1928 అనుభవం

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో గల ఒకీచోబీ సరస్సు కూడా లోతు తక్కువైనదే. 1928 సెప్టెంబరు 16 రాత్రి పెనుతుపాను గాలులు మొదట దక్షిణపు ఒడ్డుకు నీటిని నెట్టగా మట్టికట్టలు తెగిపోయాయి. తుపాను కేంద్రం దాటిన తరువాత గాలి తిరగబడి ఉత్తరపు ఒడ్డును ముంచింది. ఈ విపత్తులో కనీసం 2,500 మంది మరణించారు. అనంతరం అక్కడ హెర్బర్ట్ హూవర్ కట్టను నిర్మించారు.

కోతకు కారణం, నివారణ

కట్టపై నుండి నీరు పొర్లకపోయినా ప్రమాదం తొలగినట్లు కాదు. ఎడతెగని అలలు కట్ట వాలును అడుగున తొలుస్తాయి. వర్షానికి నానిన మట్టి ఆధారం కోల్పోయి పెళ్లలుగా జారిపడుతుంది. రాతి పరుపు, దాని కింద మట్టి జారిపోకుండా ఇసుక, కంకర పొర, ఒడ్డు వెంబడి తుంగ, రెల్లు వంటి మొక్కలు కోతను అరికడతాయి. నీటిమట్టానికి పైన కట్ట ఎత్తును నిర్ణయించేటప్పుడు గాలి పెంచే మట్టాన్నీ, అలల ఎత్తునూ కలిపి లెక్కించాలి.

హెచ్చరికల్లో జాగ్రత్త

గాలి వీచే సమయంలో ఒకే కొలబద్ద చూపే అంకె సరస్సు మొత్తానికి వర్తించదు. ఒక ఒడ్డున మట్టం తగ్గినట్లు కనిపిస్తున్న వేళలోనే ఎదుటి ఒడ్డున గ్రామం మునగవచ్చు. అందువలన నీటిమట్టాన్ని తెలియజేసేటప్పుడు కొలిచిన స్థలం, సమయం, గాలి దిశ, వేగం కూడా పేర్కొనడం అవసరం. వాన నిలిచిందన్న కారణంతోనో, ఒకచోట మట్టం తగ్గిందన్న కారణంతోనో పునరావాస కేంద్రాల నుండి ప్రజలను వెనుకకు పంపరాదు. గాలి శాంతించి, అన్ని ఒడ్లలోనూ నీరు నిలకడకు వచ్చిన తరువాతనే ఆ నిర్ణయం తీసుకోవడం శ్రేయస్కరం.