ఖాడీ ఒడ్డున జీవావరణ వ్యవస్థ: పర్వత్ పాటియా చెప్పే పాఠం

సూరత్ నగరానికి ఆగ్నేయ దిక్కున ఉన్న పర్వత్ పాటియా, దాని పొరుగున ఉన్న లింబాయత్ ప్రాంతాలు బట్టల పరిశ్రమకు పేరుపొందాయి. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఈ వైపున పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఈ పరిసరాల గుండానే మీఠీ ఖాడీ ప్రవహిస్తుంది. గుజరాతీలో ఖాడీ అంటే వాగు. 2024 జులైలోను, 2025 జూన్‌లోను భారీ వర్షాలకు సూరత్ ఖాడీలు పొంగి లోతట్టు కాలనీలను ముంచెత్తాయి. చాలామందికి ఖాడీ అంటే మురుగుకాలువ, వరద భయం. శాస్త్రం దృష్టిలో మాత్రం అది ఒక జీవావరణ వ్యవస్థ.

జీవావరణ వ్యవస్థ అంటే ఏమిటి?

ఒక చోట ఉండే ప్రాణులన్నీ, వాటి చుట్టూ ఉన్న నీరు, నేల, గాలి, వెలుతురు కలిసి ఒకే వ్యవస్థగా పనిచేస్తాయి. ఈ భావనకు 1935లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ 'ఎకోసిస్టమ్' అని పేరు పెట్టారు. అది మహాసముద్రమంత పెద్దదైనా కావచ్చు, చిన్న నీటి గుంటైనా కావచ్చు.

నిర్జీవ కారకాలు

సూర్యరశ్మి, ఉష్ణోగ్రత, నీటి వేగం, లవణాలు, బురద, నీటిలో కరిగిన ఆక్సిజన్ - ఇవి ప్రాణం లేనివే అయినా, ఎవరు బతకాలో తేల్చేవి ఇవే. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. నీరు వేడెక్కే కొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది. వేడి నీరు, రంగులు, మురుగు వాగులో కలిస్తే దెబ్బ మూడు వైపుల నుంచి పడుతుంది. వేడి వల్ల ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. రంగు వల్ల వెలుతురు లోపలికి దిగదు. మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది.

జీవ కారకాలు

నాచు, నీటి మొక్కలు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసే ఉత్పత్తిదారులు. వాటిని తినే నత్తలు, కీటకాలు, చేపలు, ఆ చేపలను పట్టే కొంగలు, లకుముకి పిట్టలు వినియోగదారులు. చనిపోయిన వాటిని కుళ్లబెట్టి పోషకాలను తిరిగి నీటికి, నేలకు చేర్చే బ్యాక్టీరియా, శిలీంధ్రాలు విచ్ఛిన్నకారులు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు అందే శక్తి స్థూలంగా పదో వంతే. అందుకే నాచు విస్తారంగా ఉన్నచోట కూడా కొంగలు కొన్నే కనిపిస్తాయి.

దోమకు లాభం ఎలా కలిగింది?

మురుగునీటిలో పెరిగి బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమను చూస్తే ఈ సంబంధాలు తేలిగ్గా అర్థమవుతాయి. దోమ పిల్లపురుగులను చేపలు, తూనీగ పిల్లలు తింటాయి. చేపలకు, తూనీగ పిల్లలకు నీటిలో కరిగిన ఆక్సిజన్ కావాలి. క్యూలెక్స్ పిల్లపురుగు మాత్రం తోక వైపున్న గొట్టాన్ని నీటి పైకి పెట్టి నేరుగా గాలి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ పడిపోతే శత్రువులు చనిపోతాయి, దోమ మిగులుతుంది. ఒక నిర్జీవ కారకం మారితే జీవ కారకాల లెక్క తారుమారై, చివరికి మనిషి ఆరోగ్యం దెబ్బతింటుంది.

గుర్రపు డెక్క కథ కూడా ఇలాంటిదే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ తిని నీటి మీద చాపలా అల్లుకుంటుంది. దాని కింద వెలుతురు ఉండదు, ప్రవాహం మందగిస్తుంది. చెత్త ఒడ్డున పేరుకుంటే ఎలుకలకు తిండి దొరుకుతుంది. వాటి మూత్రంతో కలుషితమైన వాననీటిలో తిరిగేవారికి లెప్టోస్పైరోసిస్ ముప్పు ఉంటుంది. దక్షిణ గుజరాత్‌లో ఇది వానాకాలపు సమస్యే.

జీవవైవిధ్యం ఎందుకు?

ఒకే పనిని పలు జాతులు పంచుకున్నప్పుడు ఒకటి తగ్గినా మరొకటి ఆ పనిని కొనసాగిస్తుంది. దోమలను తినేవి నాలుగు రకాలు ఉన్న వాగు, ఒకే రకం ఉన్న వాగు కన్నా నమ్మదగినది. జాతుల మధ్యనే కాక, ఒకే జాతిలోని జన్యువులలోనూ, ఆవాసాలలోనూ ఉండే తేడాలన్నిటినీ కలిపి జీవవైవిధ్యం అంటారు. దీని రక్షణకు 1992లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన దేశం 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది.

ఖాడీ ఒడ్డున గడ్డి, పొదలు ఉంటే వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. పక్కన పల్లపు నేల ఖాళీగా ఉంటే పొంగిన నీటికి చోటు దొరుకుతుంది. ఆ నేలను పూడ్చి కట్టడాలు లేపితే అదే నీరు ఇళ్లలోకి వస్తుంది. సూరత్‌లోనే హెడ్గేవార్ వంతెన నుంచి భీమ్రాడ్-బమ్రోలీ వంతెన వరకు 87 హెక్టార్లలో జీవవైవిధ్య ఉద్యానవనానికి 2022 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది.

చెట్లు నాటడం అవసరమే, కానీ నీటిలో ఆక్సిజన్ తిరిగి రాకుండా చేపలు రావు, చేపలు లేకుండా కొంగలు రావు. మురుగును శుద్ధి చేశాకే వదలడం, చెత్తను ఒడ్డున పడేయకపోవడం, పల్లపు నేలను పూడ్చకపోవడం - ఖాడీని బాగుచేయాలంటే మొదట చేయాల్సిన పనులు ఇవి.